ఇసుక తిన్నె మీద పొయ్యి

ఈ మధ్య పక్క మండలంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "మాస్టారూ, మా బడి పిల్లల్ని కూడా పడవల మీద శబరికి తీసుకెళ్దామనుకుంటున్నాం. రెండు రాత్రులు, ముప్పై మంది. పడవలు మాట్లాడాం. బియ్యం, పప్పు అన్నీ లెక్క వేసుకున్నాం. పొయ్యి దగ్గరే ఆగిపోయాం. చిన్న గ్యాసు కొనేద్దామా?" అని అడిగాడు.

అడిగింది చిన్న మాటే. కానీ నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "రేపు చెబుతాను తమ్ముడూ" అని పెట్టేశాను. ఆ రాత్రి నాకు ఒక అమ్మాయి పాదం గుర్తొచ్చింది. మర్నాడు అతనికి చెప్పిన మాటలే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. పిల్లల్ని నది మీదికి తీసుకెళ్లాలనుకునే సాటి ఉపాధ్యాయులకు, ముందుండి నడిపించే మన ఊళ్ల కుర్రాళ్లకు పనికొస్తాయని.

మాది ఆశ్రమ పాఠశాల. కోయ పిల్లలు ఎక్కువ, మా కొండరెడ్డి పిల్లలు కొందరు. ఏటి ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలే అయినా, ఆరేడేళ్లప్పుడే హాస్టల్లో చేరతారు కనుక ఏరు వాళ్లకు సెలవుల్లో కనిపించే చుట్టం లాంటిది. సాంఘికంలో నైలు నది గురించి అడిగితే చెబుతారు. సీలేరు శబరిలో ఎక్కడ కలుస్తుందని అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఒడిశాలో కొలాబ్ అనిపించుకునే నీరే మన దగ్గర శబరి అని, మోటు దగ్గర సీలేరును కలుపుకుని కూనవరం దగ్గర గోదావరిలో పడుతుందని పటం మీద చూపిస్తే తల ఊపుతారు. అంతే. అందుకే సంక్రాంతి వెళ్లాక, నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడ్డాక, మూడు నాటు పడవల్లో పిల్లల్ని తీసుకెళ్లడం మొదలుపెట్టాం. తెడ్డు ఎలా వేయాలో, గెడ ఎక్కడ పొడవాలో పడవ తాతలు నేర్పుతారు. పగలు ప్రయాణం, రాత్రి తిన్నె మీద వంట, పడక.

మొదటిసారి వెళ్లింది 2017 జనవరిలో. పొయ్యి సంగతి నేనే చూసుకుంటానన్నాను. టౌనుకెళ్లి 5 కిలోల చిన్న గ్యాసు సిలిండరు, దాని నెత్తి మీద బిగించే బర్నరు కొన్నాను. అది ఎందుకు కొన్నానో ఇప్పుడు నిజం చెప్పాలి. చూడ్డానికి బాగుంది. పొగ రాదు. ఇంకో కారణం కూడా ఉంది. మా ప్రయాణం చూడ్డానికి పై నుంచి ఒకరిద్దరు వస్తామన్నారు. వాళ్ల ముందు మూడు రాళ్లు పెట్టి పొయ్యి ఊదుకుంటూ కూర్చుంటే "వీళ్లింకా ఇంతే" అనుకుంటారేమోనని నాకు లోపల బెరుకు. షాపులో మా వంట అక్క కూడా ఉంది. సిలిండరు చూసి, "ఎత్తు ఎక్కువ సారూ, మన డేగిసా నిలుస్తుందా?" అంది. "నిలుస్తుందిలే అక్కా" అన్నాను. వస్తామన్నవాళ్లు చివరికి రానేలేదు.

మొదటి రాత్రి తిన్నె మీద ఏం జరిగిందో చెబుతాను. నాలుగు కిలోల బియ్యం, దానికి తగిన నీళ్లు, డేగిసా బరువు అన్నీ కలిపి ఇరవై కిలోలు దాటింది. అదంతా మోకాలెత్తులో, అరచేయంత వెడల్పు ఉన్న బర్నరు మీద కూర్చుంది. సిలిండరు అడుగున ఉండే ఇనుప చుట్టు ఇసుకలో సమంగానే దిగిందనుకున్నాం. కానీ ఒక పక్క ఇసుక తడిది, ఒక పక్క పొడిది. అన్నం ఉడుకు పట్టింది. వంట అక్క గరిటె పెట్టి కలపబోయింది. పొడి ఇసుక వైపు చుట్టు దిగబడింది. డేగిసా ఒరిగింది. రెండడుగుల దూరంలో కూర్చుని ఆకుకూర తుంపుతున్న ఏడో తరగతి అమ్మాయి ఎడమ పాదం మీద మరుగుతున్న గంజి పడింది.

ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను కొయ్యబారిపోయాను. పడవ తాత ఒక్క అంగలో వచ్చి ఆ పిల్లను ఎత్తుకుని ఏట్లోకి నడిచాడు. మోకాలి లోతులో కూర్చోబెట్టి, పారే నీళ్లలో పాదం ఉంచి పట్టుకున్నాడు. ఎవరో టూత్‌పేస్టు తెచ్చారు. "అది పళ్లకి రా" అని తోసేశాడు. ఇరవై నిమిషాలకు పైగా అలాగే ఉంచాడు. తర్వాత ఆరోగ్య కార్యకర్తను అడిగితే, కాలినచోట చేయాల్సిన మొదటి పని అదేనని చెప్పింది. చల్లటి మంచినీళ్లు ధారగా, కనీసం ఇరవై నిమిషాలు, పేస్టు, సిరా, నూనె ఏదీ రాయకూడదు, ఐసు పెట్టకూడదు, తర్వాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చీకట్లో పడవ మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

తెల్లారి ఆ పిల్ల తండ్రి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. వరండాలో నా పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగాడు. "మాస్టారూ, ఆ పొయ్యి మీద అంతకు ముందు మీరెప్పుడన్నా వండారా?"

వండలేదు. ఆ పొయ్యి అనే కాదు, ఏ పొయ్యి మీదా ముప్పై మందికి నేనెప్పుడూ వండలేదు. శిక్షణలో ఉన్నప్పుడు 'చేస్తూ నేర్చుకోవడం' గురించి నాలుగు పేజీల జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. పొయ్యి మాత్రం చేయకుండానే నేర్చుకున్నాననుకున్నాను.

ఇంటికెళ్లి అమ్మతో చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "వండేదాన్ని అడిగావా?" అంది. అక్క అన్న మాట చెప్పాను. "అయితే అడక్కపోవడం కాదు. చెప్పినా వినలేదు" అంది. పొయ్యి కొనేవాళ్లు ఒకరు, దాని ముందు కూర్చునేవాళ్లు ఇంకొకరు. మన ఇళ్లల్లోనూ, మన బళ్లల్లోనూ అంతే.

ఆ ఏడాదంతా పొయ్యిల గురించే ఆలోచించాను. ఈసారి ఒక్కణ్నే కాదు. వంట అక్క, పడవ తాత, అమ్మ, ఎనిమిదో తరగతి పిల్లలు. అందరం కలిసి ఒక్కో పొయ్యిని ముందు పెట్టుకుని మంచీ చెడూ చూశాం. పడవ తాత మొదట్లోనే ఒక మాట చెప్పాడు. "కొండెక్కేవాడు బరువు చూసుకుంటాడు. పడవలో బరువు కొంత పర్వాలేదు. తడవకూడదు, ఒరగకూడదు, కారకూడదు." ఆ మూడు మాటలూ నల్లబల్ల మీద రాశాం. కింద అక్క ఒకటి చేర్పించింది: "గాలికి ఆగాలి."

ముందు మూడు రాళ్లు. మన పొయ్యి, మన పెద్దల పొయ్యి. ఖర్చు లేదు, ఎంత పెద్ద డేగిసా అయినా కదలదు. కానీ ఏటి మధ్య తిన్నె మీద రాళ్లు ఎక్కడివి? ఒడ్డున నీళ్లలో నానిన రాళ్లు తెచ్చి మంట పెడితే, లోపలి తడి ఆవిరై రాయి పగులుతుంది. ఒక్కోసారి పెంకులు ఎగిరి కళ్లలో పడతాయి. ఈ సంగతి తాతకు తెలుసు, నాకు తెలియదు. పెళ్లిళ్లలో తవ్వే గాడిపొయ్యి తవ్వుదామంటే ఇసుక గోడ నిలవదు. ఇక కట్టె. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనం అయ్యాయి. అందులోకి వచ్చే ఒడ్డున కట్టె కొట్టడం నేరం. అడవిలో పుట్టినవాళ్లం అడవి పక్కన వంటకు కట్టె మోసుకెళ్లాల్సిన రోజులు. తిన్నెల మీద వరదకు కొట్టుకొచ్చిన కట్టె దొరుకుతుంది గాని, పైకి ఎండినట్టున్నా లోపల తడి. మంట కన్నా పొగ ఎక్కువ. ఎండు వెదురు బాగా మండుతుంది. అయితే కణుపులు చీల్చకుండా పెడితే లోపలి గాలి వేడెక్కి తుపాకీలా పేలుతుంది. పిల్లలకు అది సరదా. పక్కన కూర్చుని వండే అక్కకు కాదు.

ఇంకో ప్రమాదం ఉంది, చాలామందికి తట్టనిది. వంటయ్యాక నిప్పుల మీద ఇసుక కప్పేసి వెళ్లిపోతాం. పైకి చల్లగా కనిపిస్తుంది. కింద బొగ్గులు గంటల తరబడి అలాగే ఉంటాయి. ఇసుక మీద పిల్లలు చెప్పులు లేకుండా పరుగెడతారు. నిప్పుల్ని ఇసుకతో కప్పకూడదు. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చేత్తో తాకి చూశాకే వదలాలి.

మూడు రాళ్ల గురించి నేను గొప్పగా మాట్లాడుతుంటే అమ్మ నవ్వింది. "మూడు రాళ్లూ మన దేవుళ్లే. కాదనను. ఆ దేవుళ్ల ముందు నలభై ఏళ్లు కూర్చున్నది నేను. పొగ నా కళ్లు తినేసింది" అంది. అమ్మకు ఇప్పటికీ తెల్లవారుజామున దగ్గు. మన పొయ్యి, మన సంస్కృతి అని సభల్లో చెప్పే మనం, ఆ పొయ్యి ఊదినవాళ్ల ఊపిరితిత్తుల సంగతి కూడా చెప్పాలి.

తర్వాత కిరోసిన్. వత్తుల స్టవ్వు నలుగురికి సరే, ముప్పై మందికి ఎసరు కాగేసరికి పిల్లలు నిద్రపోతారు. గాలి వీస్తే వత్తులన్నీ ఒక పక్కకే మండుతాయి. పంపు స్టవ్వు సంగతి వేరు. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన చేసిన ప్రైమస్ స్టవ్వు దీనికి మూలం. గాలి కొట్టి, కిరోసిన్‌ను వేడికి ఆవిరి చేసి మండిస్తుంది కాబట్టి మసి తక్కువ, వేడి ఎక్కువ. 1953లో ఎవరెస్టు ఎక్కిన టెన్సింగ్, హిల్లరీల బృందం వెంట తీసుకెళ్లింది ఇలాంటి స్టవ్వులే. గాలికి కూడా బాగానే ఆగుతుంది. కానీ దాన్ని వెలిగించడం ఒక విద్య. గొట్టం సరిగా కాగకముందే పంపు కొడితే మంట మనిషెత్తు లేస్తుంది. చిన్న ఇసుక రేణువు పడినా నాజిల్ మూసుకుపోతుంది, పిన్ను పెట్టి పొడవాలి. తిన్నె మీద ఇసుక లేని చోటేది? పైగా పడవ ఊగి డబ్బా కారితే బియ్యం మూటకు కిరోసిన్ వాసన పడుతుంది. రేషను షాపులో కిరోసిన్ ఆగిపోయాక ఆ చర్చ కూడా ఆగిపోయింది.

గ్యాసు. మనవాళ్ల ఇళ్లల్లోకి 1999లో దీపం పథకంతో కొంత, 2016 తర్వాత ఉజ్వల పథకంతో ఇంకొంత వచ్చింది. సిలిండరు ఉన్నా మళ్లీ నింపడానికి డబ్బుల్లేక మూల పెట్టుకున్న ఇళ్లు మనకు తెలుసు. అయినా వండే ఆడవాళ్లకు అది మేలే. నా తప్పు గ్యాసు కొనడం కాదు. నెత్తి మీద బర్నరు ఉన్న పొయ్యిని ఇసుక మీద పెట్టి దాని మీద పెద్ద డేగిసా ఎక్కించడం. అది నలుగురికి టీ కాచుకునే పొయ్యి. దాని మీద వెడల్పైన గిన్నె పెట్టి చుట్టూ గాలికి అడ్డం కడితే, వేడి కిందికి కొట్టి సిలిండరునే కాలుస్తుంది. అది కూడా ప్రమాదమే. కొండలెక్కేవాళ్లు వాడే అరచేతి గ్యాసు డబ్బాలదీ ఇదే సంగతి. ఇద్దరు ముగ్గురికి బాగుంటాయి. గుంపుకు పనికిరావు, ఖాళీ డబ్బాలు ఏటి ఒడ్డునే మిగులుతాయి.

గుంపుకు గ్యాసే కావాలంటే సిలిండరు వేరుగా, పొయ్యి వేరుగా ఉండాలి. మధ్యలో మంచి రబ్బరు గొట్టం. పొయ్యి నేలకు ఆని, నాలుగు కాళ్లూ వెడల్పుగా ఉండాలి. కింద చెక్క పలక పరవాలి. గాలికి అడ్డం పొయ్యి చుట్టూ పెట్టాలే గాని సిలిండరు చుట్టూ కాదు.

పడవలో ఇంకో మాట. వంట గ్యాసు గాలి కన్నా బరువు. ఇంట్లో కారితే గుమ్మంలోంచి కొంతైనా బయటికి పోతుంది. పడవలో కారితే అడుగున చేరి, నీళ్లు నిలిచినట్టే నిలుస్తుంది. పైన గాలి వీస్తున్నా పోదు. ఎవరో బీడీ ముట్టించి పుల్ల కింద పడేస్తే చాలు. గ్యాసుకు అసలు వాసన ఉండదు, కారితే తెలియాలని కంపెనీ వాళ్లు వాసన కలుపుతారు. కానీ ఆ వాసన కూడా పడవ అడుగునే ఉంటుంది, మన ముక్కు పైన ఉంటుంది. అందుకని సిలిండరును నిలువుగా, మూత బిగించి, రెగ్యులేటరు తీసి, ఎండ తగలకుండా గోనె కప్పి, పిల్లలు లేని పడవలో కట్టేయాలి. ఏ పడవలో పొయ్యి ఉంటే ఆ పడవలో బీడీ ఉండకూడదు. పడవ తాతలకు ఈ ఒక్క నియమం కష్టంగా ఉంటుంది. ముందే చెప్పి ఒప్పించుకోవాలి.

చివరికి మేం ఎక్కువగా నమ్ముకున్నది ఇవేవీ కాదు, డబ్బా పొయ్యి. రాకెట్ పొయ్యి అంటారు. 1980లలో అమెరికాలో లారీ వినియార్‌స్కీ అనే ఇంజనీరు పేదల వంట కోసం దీని సూత్రాలు రూపొందించాడు. చేయడం కష్టం కాదు. ఖాళీ నూనె డబ్బా తీసుకుని, లోపల ఎల్ ఆకారంలో వంకర గొట్టం పెట్టాలి. కింద నోట్లో పుల్లలు పెడతాం, పైనుంచి మంట వస్తుంది. గొట్టానికీ డబ్బాకూ మధ్య బూడిద కూరుతాం. బూడిద వేడిని బయటికి పోనివ్వదు. లోపల బాగా వేడెక్కుతుంది కాబట్టి పొగ పైకి రాకముందే చాలావరకు మండిపోతుంది. నోట్లో పుల్లల కింద ఒక రేకు అర పెడితే, దాని అడుగు నుంచి గాలి లోపలికి పోతుంది. బొటనవేలంత పుల్లలు నాలుగు చాలు. దుంగలు అక్కర్లేదు, గొడ్డలి అక్కర్లేదు. కందికట్టె, ఎండిన వెదురు చీలికలు, చితుకులు ఏవైనా సరే. బడి దగ్గరే ఎండబెట్టి, గోనెసంచిలో నింపి, ప్లాస్టిక్ కాగితం చుట్టి పడవలో వేసుకోవచ్చు.

బడిలో పిల్లలతో లెక్క కట్టించాం. కిలో గ్యాసులో ఉండే వేడి సుమారు మూడు కిలోల ఎండు కట్టెలో ఉంటుంది. కానీ మూడు రాళ్ల మీద ఆ వేడిలో పదింట ఒకటి రెండు వంతులే గిన్నెకు చేరుతుంది. మిగతాదంతా గాలికి. ఒక ఆదివారం వంటశాల వెనక ఒకే కొలత బియ్యం, ఒకే కొలత నీళ్లు పెట్టి రెండు పొయ్యిల మీదా వండాం. ముందు కట్టెలు తూచాం, తర్వాత మిగిలినవి తూచాం. డబ్బా పొయ్యికి మూడు రాళ్ల కన్నా సగం కట్టె సరిపోయింది. తీసివేతలు అంటే పారిపోయే పిల్లలు కూడా త్రాసు చుట్టూ మూగారు. గిన్నె చుట్టూ వేలెడు సందు ఉంచి రేకు చుడితే ఇంకొంచెం కలిసొస్తుందని ఒక పిల్లాడు కనిపెట్టాడు. పుస్తకాల్లో అది ముందే ఉందని తర్వాత తెలిసింది. వాడికి చెప్పలేదు.

దీనికీ లోట్లు ఉన్నాయి. పక్కనుండి పుల్లలు జరుపుతూ ఒకరు కూర్చోవాలి. రేకు డబ్బా ఒక్క కాలానికే తుప్పు పట్టి చిల్లులు పడుతుంది, ఏటా కొత్తది చేసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, డబ్బా మీద నేరుగా పెద్ద డేగిసా పెట్టకూడదు. నా పాత తప్పే మళ్లీ అవుతుంది. వంట అక్క ఉపాయం చెప్పింది. కమ్మరి దగ్గర బరువైన ఇనుప ముక్కాలి చేయించాం, కాళ్లు బాగా ఎడంగా. ఒక్కో కాలి కింద పలక ముక్క. గిన్నె ముక్కాలి మీద, డబ్బా దాని కింద. డబ్బా కదిలినా గిన్నె కదలదు. చూస్తే అది మళ్లీ మూడు రాళ్లే. రాళ్ల బదులు ఇనుము.

2018, 2019 జనవరుల్లో రెండు డబ్బా పొయ్యిలు, ఒక ముక్కాలి, వానొస్తే అవసరానికి ఒక నేలబారు గ్యాసు పొయ్యి తీసుకుని వెళ్లొచ్చాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. ఆ తర్వాత ఏ తల్లీ పిల్లను పడవెక్కనివ్వలేదు. వాళ్లను తప్పు పట్టలేను. మళ్లీ మొదలుపెట్టింది 2023లో. ఇప్పుడు శబరి మీద మాత్రమే, నీరు తక్కువున్న రోజుల్లో మాత్రమే, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉంటేనే, పైవాళ్ల అనుమతి కాగితం చేతిలో ఉంటేనే.

ఈ మధ్యలో 2022 జులై వచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో 75.6 అడుగులు వచ్చిన తర్వాత అంత వరద మళ్లీ చూడలేదు. గోదావరి పొంగితే శబరి వెనక్కి తంతుంది. కూనవరం, వర రామచంద్రపురం, చింతూరు ఊళ్లల్లోకి నీరొచ్చింది. మేం కొండ మీదికి ఎక్కాం. టార్పాలిన్ల కింద చంటిపిల్లలు, ముసలివాళ్లు, మేకలు. ఇంట్లో వదిలేసిన సిలిండర్లు నీళ్లలో తేలుతూ పోతుంటే చూశాం. చుట్టూ అడవే, కానీ పుల్ల పుల్లా తడిసి ఉంది. మొదటి పూట ఎవరి పొయ్యిలోనూ పిల్లి లేవలేదు.

వంట అక్క కొడుకు బడి సామాన్ల గది నుంచి ఏం తెచ్చాడో తెలుసా? రెండు డబ్బా పొయ్యిలు, ముక్కాలి, ప్లాస్టిక్ చుట్టిన చితుకుల సంచి ఒకటి. ఆ ఒక్క సంచితో మొదలుపెట్టాం. పొయ్యి నోటి పక్కన తడి పుల్లలు పేర్చి ఆ వేడికే ఆరబెట్టుకుంటూ వచ్చాం. దుంగలైతే ఆరవు, వేలంత పుల్లలు కనుక ఆరాయి. టార్పాలిన్ అంచున, గాలి వచ్చే వైపు పెట్టాం. మూసిన గుడారంలో ఏ పొయ్యీ వెలిగించకూడదు, పొగ కనిపించకపోయినా గాలి విషమవుతుంది. చంటిపిల్లలకు ముందు గంజి, తర్వాత అందరికీ గటక. సాయం పడవ వచ్చేదాకా రెండు రోజులు అక్క, ఇంకో నలుగురు ఆడవాళ్లు వంతులవారీగా ఆ పొయ్యిల ముందు కూర్చున్నారు. విహారానికని చేసుకున్న పొయ్యి ఆపదలో ఊరికి అన్నం పెట్టింది. అప్పటి నుంచి మా ఊళ్లో కొన్ని ఇళ్లల్లో వానాకాలానికి ముందే చితుకుల సంచి కట్టి అటక మీద పెడుతున్నారు.

2023 జనవరిలో మళ్లీ పడవలు ఎక్కినప్పుడు, ఆ అమ్మాయి సాయంగా వచ్చింది. పాదం మీద మచ్చ ఉంది, నడక బాగానే ఉంది. నేను పిలవలేదు, పిలిచే మొహం నాకు లేదు. తనే వస్తానంది. తిన్నె మీద దిగగానే ఆమె చేసిన మొదటి పని, పొయ్యి పెట్టే చోట ఒక కర్రతో ఇసుక మీద పెద్ద గుండ్రం గీయడం. "ఈ గీత లోపల వండేవాళ్లు ఇద్దరే. కూర తరిగేవాళ్లు, చదివేవాళ్లు, ఆడేవాళ్లు అందరూ గీత బయట" అని పిల్లలకు చెప్పింది. నా వైపు తిరిగి, "మీరు కూడా సారూ" అంది. నేను గీత బయటికి వచ్చి నిలబడ్డాను. ఏ పొయ్యి కొన్నా, ముందు ఆ గీత గీయండి. దానికి డబ్బులు అక్కర్లేదు.

ఫోన్ చేసిన తమ్ముడికి నేను చెప్పింది ఇదే. ముందు మీ వంట అక్కను కూర్చోబెట్టి అడుగు. పొయ్యిని బడిలోనే, గాలి వీచే రోజున, ఇసుక కుప్ప మీద పెట్టి, మీ ముప్పై మంది అన్నం ఒకసారి వండి చూడు. నువ్వే వండు. నిండు డేగిసాను గరిటెతో గట్టిగా కలిపి చూడు. కదిలితే ఆ పొయ్యి వద్దు. రెండు రకాల పొయ్యిలు తీసుకెళ్లు, ఒకటి మొరాయిస్తే ఇంకోటి ఉంటుంది. రెండూ ఒకే పడవలో పెట్టకు. అగ్గిపెట్టెలు మూడు చోట్ల, మూత బిగుతుగా ఉన్న డబ్బాల్లో దాచు. ఒక బకెట్టు నీళ్లు పొయ్యి పక్కన ఎప్పుడూ ఉండాలి.

మామిడి కొత్త పండగకు మా ఇంట్లో ఇప్పటికీ మూడు రాళ్ల మీదే వండుతాం. ఆ ఒక్క రోజు అమ్మ పొయ్యి ఊదదు. నేను ఊదుతాను. కళ్లు మండుతాయి. అమ్మ దూరంగా మంచం మీద కూర్చుని, "పుల్ల ఇంకొంచెం లోపలికి జరుపు" అని చెబుతుంటుంది. ఇప్పుడు చెబితే వింటున్నాను.